గట్టిగా అతికిన కొసే పగిలింది: ఒక టేకు బల్ల కేస్ స్టడీ

నిండు కలపతో చేసిన ఫర్నిచర్ ఎందుకు పగిలిందో, ఎందుకు వంగిందో తేల్చి దాన్ని బాగుచేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చే వస్తువుల్లో ఎక్కువ భాగం చేతకాని పనివల్ల చెడినవే కాబట్టి వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఈ కేసు అలాంటిది కాదు. ఇందులో పనిచేసిన చెయ్యి నాకంటే ఎంతో గొప్పది, అతుకుల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు, వాడిన టేకు మేలురకం చేవ. అయినా బల్ల పగిలింది. రెండుసార్లు బాగుచేసినా మళ్లీ పగిలింది. మూడోసారి నన్ను పిలిచాక నా మొదటి ప్రయత్నమూ విఫలమైంది. మనుషులనూ చోటునూ గుర్తుపట్టే వివరాలు వదిలేసి, కొలతలను మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను.

నేపథ్యం

బల్ల చేసినాయనకు 60 ఏళ్లు దాటాయి. ఆయన్ని ఇక్కడ పెద్దమేస్త్రిగారు అంటాను. 15వ ఏట పనిలో చేరి మొదటి ఆరేడేళ్లు తన గురువు దగ్గర పలక తలుపులూ కిటికీలూ చేశారు. ఆ తరువాత ప్లైవుడ్, వెనీర్, లామినేట్ల కాలం వచ్చింది. దాదాపు 30 ఏళ్లు ఆయన బీరువాలు, గోడ అరలు, ఆఫీసు బల్లలు చేశారు. ప్లైవుడ్‌లో ఒక పొర నార, అంటే కలప పోగుల వరుస, నిలువుగా ఉంటే దాని మీది పొర నార అడ్డంగా ఉంటుంది; పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కాబట్టి ఆ పలక ఏ వైపుకూ చెప్పుకోదగినంతగా పెరగదు, తరగదు. అలాంటి సరుకు మీద అన్నేళ్లు పనిచేసిన చేతికి ఒక అలవాటు స్థిరపడుతుంది: వీలైన ప్రతిచోటా జిగురు పెట్టాలి, వీలైనంతా బిగించాలి. ఆయనకు పేరు వచ్చింది కూడా ఆ బిగువుకే. కుసిని, అంటే చెక్క కొసన పొడుచుకొచ్చేలా చెక్కిన భాగాన్ని, చేత్తో తోస్తే బెజ్జంలోకి సగం వరకే వెళ్లాలి, తక్కిన సగం కొయ్యసుత్తి దెబ్బకే దిగాలి అన్నది ఆయన వర్క్‌షాపులో కొలబద్ద.

55 దాటాక ఆయన మళ్లీ నిండు కలప వైపు మళ్లారు. అందుకు ఒక కారణం జార్జ్ నకషీమా బల్లల ఫొటోలని ఆయనే నాతో చెప్పారు. 1905లో అమెరికాలోని స్పొకేన్‌లో పుట్టిన నకషీమా ఆర్కిటెక్చర్ చదివి, టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ ఆఫీసులో చేరి, ఆ ఆఫీసు తరఫునే పాండిచ్చేరి అరవిందాశ్రమం వారి గోల్‌కొండ్ భవన నిర్మాణాన్ని దగ్గరుండి చూసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా పశ్చిమతీరంలోని జపాన్ సంతతి వారితో పాటు ఆయన్నీ ఐడహోలోని మినిడోకా శిబిరంలో నిర్బంధించారు. జపాన్ పద్ధతి వడ్రంగంలో మెళకువలు ఆయన నేర్చుకున్నది అక్కడే, గెంటారో హికొగావా అనే వడ్రంగి దగ్గర. విడుదలయ్యాక పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో స్థిరపడి, 1990లో చనిపోయేవరకు అక్కడే పనిచేశారు. చెట్టు నుంచి కోసిన పలకలోని నెర్రెను దాచకుండా అలాగే ఉంచి, దానికి అడ్డంగా నడుము సన్నగా ఉండే బిళ్లలను దిగ్గొట్టడం ఆయన పనికి గుర్తుగా నిలిచింది. ఇంగ్లీషువారు ఆ బిళ్లను సీతాకోకచిలుకతో పోలుస్తారు. మా పెద్దమేస్త్రిగారు డమరుకం బిళ్ల అంటారు, నాకు ఆ మాటే బాగుంది. ఈ బిళ్ల ఈ కేసులో మళ్లీ వస్తుంది.

సమస్య

బల్ల ఒక సమావేశ గది కోసం చేసినది. పొడవు 2700 మిల్లీమీటర్లు, వెడల్పు 1080, మందం 42. ఒక్కొక్కటి 180 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆరు టేకు పలకలను పక్కపక్కన అతికి పైభాగం తయారుచేశారు. రెండు కొసల్లోనూ నార కనపడకుండా, పైభాగం వంగకుండా, అడ్డంగా ఒక్కో కొసపట్టీ బిగించారు. పలకల కొసలకు వెడల్పు పొడవునా కుసి తీసి, పట్టీలో అదే కొలతకు గాడి తీసి, నిండా జిగురు పెట్టి దిగ్గొట్టారు. అడుగున నాలుగు అడ్డబద్దలు ఉన్నాయి. వాటికి జిగురు లేదు, స్క్రూలే ఉన్నాయి. పైభాగానికి మూడు పూతల పాలిష్ ఉంది, అడుగుభాగం పచ్చిగానే ఉంది.

బల్ల చేసినది గాలిలో తేమ ఎక్కువగా ఉండే నెలల్లో. ఆయన దగ్గర తేమ మీటరు లేదు. అదే దొంతరలో మిగిలి, అదే షెడ్డులో ఉన్న పలకలను తరువాత అలాంటి వాతావరణంలోనే నేను కొలిస్తే 13 శాతం తేమ (పూర్తిగా ఎండిన కలప బరువుతో పోల్చి) చూపించాయి. బల్ల వెళ్లి చేరిన గది ఏడాదిలో ఎక్కువ కాలం ఏసీతో మూసి ఉంటుంది. అక్కడి గాలిలో సాపేక్ష ఆర్ద్రత 35 నుంచి 40 శాతం మధ్య ఉంది. ఆ గాలిలో ఉన్న కలప చివరికి 7 శాతం చుట్టుపక్కల తేమ దగ్గర నిలుస్తుంది. ఎనిమిదో నెలలో ఒక కొస నుంచి పగులు మొదలైంది.

ఇక్కడ లెక్క ఒకసారి చూడాలి. కలప కణాల గోడల్లో పట్టి ఉన్న నీరు దాదాపు 30 శాతం కంటే తగ్గడం మొదలయ్యాక కలప కుంచించుకుపోతుంది. టేకు పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి వయసు వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా, అంటే చెట్టు నడిమి నుంచి బెరడు వైపుగా, సుమారు 2.5 శాతం తగ్గుతుంది. నార పొడవున తగ్గేది లెక్కలోకి రానంత తక్కువ. ఓక్, వాల్‌నట్ లాంటి కలపలతో పోలిస్తే ఇవి చిన్న అంకెలే, 'టేకు కదలదు' అనే మాట అందుకే పుట్టింది. కానీ 1080 మిల్లీమీటర్ల వెడల్పు మీద తేమ 5 శాతం మారితే ఆ చిన్న అంకెలే పలక కోసిన తీరును బట్టి 4.5 నుంచి 10.4 మిల్లీమీటర్ల దాకా వస్తాయి. కొసపట్టీ నార బల్లకు అడ్డంగా ఉంది కాబట్టి దాని పొడవు మారదు. ఒకటి 10 మిల్లీమీటర్ల వరకు తగ్గాలనుకుంటుంది, దాన్ని పట్టుకున్న రెండోది అసలు తగ్గదు. నారకు అడ్డంగా లాగితే కలపకు బలం చాలా తక్కువ. ఆ లాగుడుకు ఎక్కడో ఒకచోట తెగాల్సిందే.

ఈ లెక్క చెప్పడం తేలిక. అదే బల్ల ముందు నిలబడి ఎక్కడ పట్టు ఉందో, ఎక్కడ లేదో చూడటంలోనే నేను తప్పాను.

మొదట చేసినవి

నేను రాకముందు పెద్దమేస్త్రిగారే రెండు మరమ్మతులు చేశారు. మొదటిసారి 4 మిల్లీమీటర్ల పగులులో రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ జిగురు నింపి, రెండు పక్కల నుంచి పొడవాటి క్లాంపులతో లాగి పగులును వీలైనంత మూసి, రెండు రోజులు అలాగే ఉంచారు. పగులు పైకి కనపడలేదు. మూడు నెలల తరువాత దానికి వేలెడు దూరంలో, సమాంతరంగా, కొత్త నెర్రె వచ్చింది. ఆయన దాన్ని కలప లోపం అనుకున్నారు. నిజానికి పగలడం వల్ల కొంత సడలిన పలకను క్లాంపులు మళ్లీ సాగదీశాయి. జిగురు కలపకంటే బలంగా ఉంది కాబట్టి పగులు పక్కకు జరిగింది, అంతే.

రెండోసారి పగులును దాచడం మానేశారు. రోజ్‌వుడ్‌తో మూడు డమరుకం బిళ్లలు చేసి, రెండు నెర్రెలకూ అడ్డంగా దిగ్గొట్టారు. ఒక్కో బిళ్ల పొడవు 140 మిల్లీమీటర్లు. ఆ పని అందంగా ఉంది. బిళ్ల అంచుకూ టేకుకూ మధ్య గోరు కూడా దూరదు. ఐదు నెలలకు కొసకు దగ్గరున్న బిళ్ల నడుము మూల నుంచి ఒక కొత్త చీలిక బయలుదేరింది, పాత పగులు బిళ్లను దాటి ముందుకు సాగింది. అప్పుడు నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి పగులు పొడవు 620 మిల్లీమీటర్లు. కొస దగ్గర పాత నెర్రె మళ్లీ 4 మిల్లీమీటర్లు తెరుచుకుంది, పక్కది 1.5 ఉంది.

ఈ రెండో మరమ్మతు మీద కాస్త ఆగాలి, ఎందుకంటే తప్పు సూక్ష్మమైనది. డమరుకం బిళ్ల చేసే పని ఒకటే: నెర్రె మరింత తెరుచుకోకుండా ఆపడం. పలక అటూ ఇటూ కదలడానికి స్వేచ్ఛ ఉండి, నెర్రె దానంతట అది ముందుకు పాకే ప్రమాదం మాత్రమే ఉన్నప్పుడు బిళ్ల సరిపోతుంది. ఇక్కడ నెర్రె రోగం కాదు, పలక తనను తాను విడిపించుకున్న దారి. ఆ దారిని మూసేస్తే కలప ఇంకో దారి వెతుక్కుంటుంది. పైగా బిళ్ల నార బల్ల నారకు అడ్డంగా ఉంటుంది. 140 మిల్లీమీటర్ల మేర తనూ తగ్గదు, చుట్టూ ఉన్న టేకునూ తగ్గనివ్వదు. కొసపట్టీ పెద్దఎత్తున చేస్తున్న తప్పునే బిళ్ల చిన్నఎత్తున మళ్లీ చేసింది. నకషీమా పనిలోంచి పెద్దమేస్త్రిగారు ఆకారాన్ని తీసుకున్నారు, ఆ ఆకారం ఏ పరిస్థితికి జవాబో ఫొటోలో కనపడదు.

నేను చేసిన పొరపాటు

మొదటిరోజు నేను చేయాల్సిన పరీక్షలన్నీ చేశాననే అనుకున్నాను. పాత పగులులోకి సన్నని ఉక్కురేకు దింపి లోతు చూశాను, అడుగుదాకా దిగింది. ఎపాక్సీ లేని చోట లోపలి గోడల మీద పాలిష్ జాడ లేదు, అంటే పగులు పూత పూసిన తరువాత వచ్చినదే. పగులు అతుకు గీత మీద లేదు, దానికి పక్కగా టేకులో ఉంది, అంటే పలకల మధ్య జిగురులో లోపం లేదు. మీటరు 7.5 నుంచి 8 శాతం చూపించింది. బల్ల మీద అడ్డంగా ఉక్కుబద్ద పెడితే మధ్యలో 3 మిల్లీమీటర్ల ఉబ్బు ఉంది. పూత లేని అడుగుభాగం ముందుగా ఎండి ముందుగా తగ్గిందనడానికి అది గుర్తు.

ఆ తరువాత బల్ల కిందికి దూరి అడ్డబద్దల స్క్రూలు కొన్ని విప్పాను. బద్దల్లోని రంధ్రాలు గుండ్రంగా లేవు, గుడ్డు ఆకారంలో సాగి ఉన్నాయి. దాంతో నేను తీర్మానం చేసేశాను: పలకను పట్టి ఉంచింది అడ్డబద్దలే, రంధ్రాలు సాగడమే సాక్ష్యం. స్క్రూలన్నీ వదులుచేసి, రంధ్రాలను ఇంకాస్త పొడవు చేసి, వాషర్లు వేసి, ఆరు వారాలు ఆగుదామని చెప్పాను. కొసపట్టీలు ముట్టుకోనక్కర్లేదు అన్నాను. పెద్దమేస్త్రిగారు కూడా అదే కోరుకున్నారు, ఎందుకంటే వాటిని తీయడమంటే బల్లను కోయడమే.

ఆరు వారాల తరువాత ఉబ్బు కొంచెం తగ్గింది, 4 మిల్లీమీటర్ల పగులు 3 అయింది. అంతకుమించి ఏమీ జరగలేదు. గదిలో ఆర్ద్రతను 50 శాతానికి పెంచే యంత్రం పెట్టమని సలహా ఇద్దామా అనుకున్నాను. పెడితే కలప 9 శాతం చుట్టుపక్కల నిలిచి పగులు మరింత మూసుకునేది. కానీ ఆ యంత్రాన్ని ఏళ్ల తరబడి ఎవరో ఒకరు నీళ్లు పోసి నడపాలి. ఒక బల్ల బతకడం కోసం గది మారాలనడం డిజైనర్ తన పని ఇంకొకరి నెత్తిన పెట్టడమే అనిపించి ఆ ఆలోచన వదిలేశాను.

మలుపు

ఆ రోజు ఇక బయలుదేరదామని కొలతలు రాసుకుంటూ బల్ల చుట్టూ నడిచాను. పక్క అంచు మీద చెయ్యి ఆనించి నడవడం నాకు అలవాటు. పగలని కొస దగ్గరికి వచ్చేసరికి వేలికి మెట్టు తగిలింది. అక్కడ కొసపట్టీ చివర బల్ల పక్క అంచుకంటే 3.5 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంది. అవతలి పక్కకు వెళ్లి చూశాను, అక్కడా 3.5. రెండూ కలిపితే 7. మా లెక్క ప్రకారం బల్ల తగ్గాల్సిన కొలత దాదాపు ఇంతే.

పగిలిన కొసకు వెళ్లి అదే చోట వేలు పెట్టాను. మెట్టు లేదు. పట్టీ, పలక ఒకే వరుసలో, తయారైన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నేను మొదటిరోజు కొలిచేసరికే, తగ్గాల్సిన 7 మిల్లీమీటర్లలో 5.5 పగుళ్లలోకి వెళ్లింది.

పెద్దమేస్త్రిగారిని పిలిచి రెండు చోట్లా వేలు పెట్టి చూడమన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ కొస మావాడు జిగురు పెట్టిందండీ" అన్నారు.

జరిగింది ఇది. రెండు కొసలకూ ఒకేసారి జిగురు పూశారు. ఒక కొసను మేస్త్రిగారు దిగ్గొట్టి, సరిచూసి, క్లాంపులు బిగించేలోపు రెండో కొస మీది జిగురు పొరకట్టింది. అక్కడున్న శిష్యుడు తుడిచి మళ్లీ పూయకుండా అలాగే దిగ్గొట్టేశాడు. జిగురు పట్టలేదు, కుసి బిగువే పట్టీని నిలిపి ఉంచింది. పలక తగ్గుతున్నకొద్దీ కుసి గాడిలో జారుకుంటూ వచ్చింది. ఆ కొసలో వెంట్రుకవాసి నెర్రె కూడా లేదు. గొప్పగా చేసిన కొస పగిలింది, చెడగొట్టిన కొస నిలిచింది.

ఇప్పుడు గుడ్డు ఆకారపు రంధ్రాలకు కూడా వేరే అర్థం వచ్చింది. బద్దలు పట్టి ఉంచి ఉంటే రంధ్రాలు సాగేవి కావు. అవి సాగాయంటే బద్దలు లొంగిపోయి పలకకు దారి ఇచ్చాయని. నేను సాక్ష్యాన్ని సరిగానే చూశాను, తలకిందులుగా చదివాను.

ఏం చేశాం

బల్లను వర్క్‌షాపుకు తెచ్చి, ఏసీ గదికి దగ్గరగా ఉండే పొడి గదిలో మూడు వారాలు ఉంచాం. తేమ 8 శాతం దగ్గర నిలిచాక రెండు కొసపట్టీలనూ కోసి తీసేశాం. పగిలిన కొసలో రంపం పట్టీని దాటిన క్షణంలో చప్పుడు వినిపించింది. 3 మిల్లీమీటర్ల పగులు మా కళ్లముందే 1 మిల్లీమీటరు దగ్గరికి వచ్చింది. పట్టు ఎక్కడ ఉందన్న అనుమానం ఆ తరువాత ఇద్దరికీ లేదు.

పగులు గీత వెంబడి పలకను నిలువునా చీల్చి, ఎపాక్సీ పట్టిన అంచులను తీసేసి, చిత్రిక పట్టి, మళ్లీ అతికాం. ఈ పనిలో 9 మిల్లీమీటర్ల వెడల్పు పోయి 1064 మిగిలింది. డమరుకం బిళ్లలు మూడూ పోయాయి. ఒకదాన్నయినా అలంకారంగా వేరే చోట ఉంచుదామని ఆయన అన్నారు, నేను వద్దన్నాను, కాసేపు వాదన జరిగింది. పని లేని బిళ్ల చూసేవాడికి అబద్ధం చెబుతుందని నా వాదం. కళ్లకు పని చెప్పడం కూడా ఒక పనేనని ఆయన వాదం. ఆయనది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను.

కొత్త కొసపట్టీల దగ్గర అసలు ఆలోచన మొదలైంది. వెడల్పు పొడవునా ఉన్న ఒకే కుసికి బదులు ఐదు వేరువేరు కుసులు తీశాం, వాటి మధ్య పొట్టి నాలుక మాత్రం గాడిలో పొడిగా కూర్చుంటుంది. మధ్య కుసికి మాత్రమే జిగురు, దానికి గుండ్రటి రంధ్రంలో కొయ్యచీల. పక్క నాలుగింటికి జిగురు లేదు; చీలలు పట్టీలో కదలకుండా ఉంటాయి, కుసిలోని రంధ్రం మాత్రం పొడవుగా ఉంటుంది. 8 శాతం దగ్గర కట్టాం కాబట్టి బల్ల ముందుముందు తగ్గేదానికంటే పెరిగేదే ఎక్కువ. గరిష్ఠంగా 12 శాతానికి చేరితే అన్నీ వలయాల వెంబడి కోసిన పలకలే అనుకున్నా మొత్తం 8 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి ఒక్కో పక్కకు 4. తగ్గితే ఒక్కో పక్క 1. కాస్త వెసులుబాటు కలిపి, 10 మిల్లీమీటర్ల చీలకు అంచు కుసుల్లో 16 మిల్లీమీటర్ల రంధ్రం తీశాం. లోపలి కుసులకు అందులో సుమారు సగం కదలిక చాలు. పట్టీలోని బెజ్జాలు కుసులకంటే ఒక్కో పక్క 6 మిల్లీమీటర్లు ఎక్కువ.

రంధ్రాన్ని ఏ వైపుకు పొడిగించాలన్నది వినడానికి చిన్న విషయం. పలక వెలుపలికి పెరిగితే కుసి వెలుపలికి జరుగుతుంది, చీల మాత్రం ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి కుసిలో చీల మధ్యవైపుకు జరిగినట్టు అవుతుంది. రంధ్రం మధ్యవైపుకే పొడవుగా ఉండాలి. నమూనా ముక్కలో నేను దాన్ని వెలుపలి వైపుకు తీశాను. మేస్త్రిగారి శిష్యుడు, అదే జిగురు కుర్రవాడు, ముక్కను చేతిలో అటూ ఇటూ లాగి చూసి, "సార్, ఇది పెరిగితే చీలకు కొట్టుకుంటుంది కదా" అన్నాడు. అసలు బల్ల మీద తీసి ఉంటే ఇంకో కుసి చెడేది.

అడ్డబద్దలకు మధ్య రంధ్రం గుండ్రంగా, పక్కవి పొడవుగా చేశాం. ఫ్రేముకు పైభాగాన్ని స్క్రూలతో నేరుగా బిగించకుండా, ఫ్రేము లోపలి గాడిలో నాలుక పెట్టుకుని జారే చెక్కబిళ్లలతో పట్టించాం. అడుగుభాగానికి కూడా పైభాగానికి వేసినన్ని పూతలు వేశాం. పూత కలపలోకి తేమ రాకపోకలను నిదానం చేస్తుందే తప్ప ఆపదు. రెండు వైపులా ఒకే నిదానం ఉంటే పలక ఉబ్బదు.

మెట్టు గురించి

ఇంత చేశాక పెద్దమేస్త్రిగారికి ఒక అభ్యంతరం మిగిలింది, అది డిజైన్ ప్రశ్న. పలక కదిలితే కొసపట్టీ చివర, బల్ల అంచు ఏడాదిలో ఎప్పుడూ ఒకే వరుసలో ఉండవు. ఒక నెల పట్టీ పొడుచుకొస్తుంది, ఇంకో నెల పలక పొడుచుకొస్తుంది. 40 ఏళ్లు సమంగా ఉన్న అంచు కోసం బతికిన మనిషికి అది లోపమే. నేను అది తప్పదని చెప్పాను, దాన్ని సహించాలి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

రెండు రోజుల తరువాత ఆయనే జవాబుతో వచ్చారు. 15వ ఏట గురువు దగ్గర పలక తలుపు కడుతున్నప్పుడు, చట్రం గాడిలోకి పలకను దించేముందు గురువుగారు జిగురు డబ్బా పక్కకు జరిపేసేవారట. "పలకకు వద్దురా, చట్రానికే" అనేవారు, ఎందుకో చెప్పేవారు కాదు. పలక చుట్టూ చట్రం అంచుకు ఒక సన్నని వాలు తీసేవారు. దాని నీడలో పలక కాస్త జరిగినా కంటికి తెలిసేది కాదు. ఆ తలుపు పద్ధతినే బల్లకు తిప్పారు. కొసపట్టీని పలక ఎంత పెరిగినా దాటలేని పొడవుకు, అంటే 1064కు ఒక్కో పక్క 6 చొప్పున కలిపి 1076కు పెంచారు. పట్టీ చివరలను వేలికి మెత్తగా తగిలేలా గుండ్రం చేశారు. పట్టీ, పలక కలిసే గీత పొడవునా రెండు అంచులకూ చిన్న వాలు తీశారు. ఇప్పుడు మెట్టు ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ ఒకే వైపుకు ఉంటుంది. అది 4 మిల్లీమీటర్లు ఉందా 6 ఉందా అన్నది కొలబద్ద పెడితే తప్ప తెలియదు. చూసినవారికి అది తప్పిపోయిన కొలతలా కాదు, కావాలని చేసిన గీతలా కనిపిస్తుంది.

నేను ఇచ్చినది మరమ్మతు, ఆయన చేసినది డిజైన్. తేడా ఏమిటో నాకు ఆ రోజు స్పష్టంగా కనపడింది. నేను కదలికకు చోటు ఇచ్చి ఊరుకున్నాను, ఆయన ఆ చోటుకు ఒక రూపం ఇచ్చారు.

ఫలితం, తరువాత మారినవి

బల్ల గదికి తిరిగి వెళ్లి 14 నెలలైంది. ఇప్పటివరకు మూడుసార్లు కొలిచాను. పెట్టిన రోజు మెట్టు 6 మిల్లీమీటర్లు. ఏసీ కొన్ని వారాలు ఆగి గాలి తేమగా ఉన్నప్పుడు 4. బాగా ఎండిన నెలలో 6.5. నెర్రె లేదు. మళ్లీ అతికిన గీత దగ్గర నార వరుస కలవక, వెలుతురు పక్క నుంచి పడితే ఒక సన్నని తేడా తెలుస్తుంది. దాన్ని బల్ల కొన్నవారు ఒప్పుకున్నారు.

నా పనిలో మారినది ముఖ్యంగా పరీక్షించే వరుస. ఇంతకుముందు పగిలిన చోటి నుంచి మొదలుపెట్టేవాణ్ని. ఇప్పుడు పగలని చోటి నుంచి మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఒకే కలప, ఒకే గది, ఒకే పనితనం ఉన్నప్పుడు నిలిచిన భాగానికీ తెగిన భాగానికీ మధ్య ఉన్న ఒక్క తేడాయే కారణానికి దారి చూపిస్తుంది. నార ఒకదానికొకటి అడ్డంగా కలిసే ప్రతి చోటా బిగింపు కంటే ముందు వేలితో మెట్టు వెతుకుతున్నాను. రంధ్రం సాగి ఉంటే అక్కడ లాగుడు ఉందని మాత్రమే కాకుండా, అక్కడ లాగుడు తీరిందేమో కూడా అడుగుతున్నాను.

పెద్దమేస్త్రిగారి విషయంలో, ఆయన అతుకు బిగువు ఏమీ తగ్గలేదు, తగ్గాల్సిన అవసరమూ లేదు. కుర్చీ కాలికీ దాని అడ్డుకర్రకూ మధ్య కుసి వెడల్పు కొద్దిపాటిది, అక్కడి కదలిక మిల్లీమీటరులో చిన్న భాగమే, అక్కడ బిగువే కావాలి. వెడల్పు పెరిగేకొద్దీ అదే బిగువు శత్రువు అవుతుంది. ప్లైవుడ్ కాలంలో ఈ గీత ఎక్కడ పడుతుందో ఆయన ఆలోచించాల్సిన పని రాలేదు. ఇప్పుడు గీసే ప్రతి బొమ్మలో జిగురు పెట్టే చోట్లకు ఎర్ర పెన్సిలు, జిగురు తగలకూడని చోట్లకు నీలం పెన్సిలు వాడుతున్నారు. ఆర్డరు తీసుకునేటప్పుడు కొలతలకంటే ముందు ఆ గది ఏసీ గదా, కిటికీలు తెరుస్తారా అని అడుగుతున్నారు. తేమ మీటరు కొన్నారు. మొదట్లో దాని సూదులు మంచి చెక్కలో గుచ్చడం ఆయనకు ఇష్టం లేకపోయింది, ఇప్పుడు పలక అడుగున, కొసపట్టీ కింద దాగే చోట గుచ్చుతున్నారు.

బల్ల తిరిగి పంపేముందు మాకు ఒక భయం మిగిలింది. నాలుగైదేళ్లకు ఎవరో పాలిష్ చేసేవారు వచ్చి, పట్టీకీ పలకకూ మధ్య వాలులో సందు చూసి, అది పగులు అనుకుని పుట్టీ నింపి సాపు చేస్తారు. అలా చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే పైభాగం అడుగున, మధ్య అడ్డబద్ద పక్కన, తేమ శాతం, తేదీ, వెడల్పు రాసి, దాని కింద ఆయన తన చేత్తోనే పెన్సిలుతో రాశారు: "ఈ సందు కావాలని వదిలింది. నింపకండి. స్క్రూలు పూర్తిగా బిగించకండి." రాసిన అక్షరాలు చెరగకుండా వాటి మీద ఒక పూత పాలిష్ శిష్యుడు వేశాడు.